చివర తినేవాళ్ళను అడిగాను

నా ఎడమ కాలు కుడి కాలి కంటే పొట్టి. మూడేళ్ళ వయసులో జ్వరం వచ్చి తగ్గిందట, కాలు మాత్రం ఎదగడం మానేసిందట. మా నాయన ఆదోనిలో పత్తి, జొన్నల వ్యాపారం చేసేవాడు. మా ఇళ్ళలో ఆడపిల్లకు పదిహేనేళ్ళు నిండకముందే పెళ్ళి చేసేవాళ్ళు. నాకూ సంబంధాలు వచ్చాయి. వచ్చినవాళ్ళు ఉగ్గాని తిని, కాఫీ తాగి, "అమ్మాయిని ఒకసారి నడవమనండి" అనేవాళ్ళు. నేను నడిచేదాన్ని. ఆ తర్వాత వాళ్ళ నుంచి కబురు ఉండేది కాదు. నాలుగైదు సార్లు అలా జరిగాక మా నాయన విసిగిపోయి, "చదువుకోనీలే, ఏమైతాది" అన్నాడు. ఆ మాట వల్ల మా వీధిలో స్కూలు ఫైనలు పాసైన మొదటి ఆడపిల్ల నేనే.

అవి వరసగా వానలు లేని ఏళ్ళు. మా తాలూకా అప్పటికింకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ పల్లెల్లో చేలు బీళ్ళుగా పడి ఉండేవి. పశువులను అయినకాడికి అమ్ముకుంటున్నారు. ప్రభుత్వం రోడ్డు పనులు పెట్టింది, కొన్ని ఊళ్ళలో గంజి కేంద్రాలు తెరిచింది. ఆ కేంద్రాలు ఇంకా అవసరమా, కాదా అని తేల్చడానికి ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకొమ్మని మద్రాసు నుంచి ఒక లెక్చరరు గారిని పంపారు. ఆయన వెంట బి.ఏ. చదివిన ఇద్దరు యువకులు ఉన్నారు. పల్లెల్లో మగవాళ్ళు ఇంట లేని చోట ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళకు జవాబు చెప్పరు కాబట్టి ఆయనకు ఒక ఆడమనిషి కావలసి వచ్చింది. మా స్కూలు హెడ్ మిస్ట్రెసు గారు నా పేరు చెప్పారు.

లెక్చరరు గారు మా ఇంటికే వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కళ్ళజోడు తుడుచుకుంటూ మాట్లాడటం అలవాటు.

"ఊరూరూ తిరిగి ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు అని అడగాల్నా?" అన్నాడు మా నాయన. "సావుకారి కూతురు ఇట్ల తిరుగుతాంటే నలుగురూ ఏమనుకుంటారు సామీ?"

"ప్రభుత్వం పనండీ. గౌరవమైన పని" అన్నారాయన.

మా నాయన ఇంకేదో అనబోతుంటే తలుపు వెనక నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. మగవాళ్ళు మాట్లాడుతుండగా మా అమ్మ నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"పోనీండి. పొద్దస్తమానం ఈడ కూచోని నా మొగం చూసేదానికంటే నయమే కదా."

మా నాయన వెనక్కి తిరిగి తలుపు వైపు కాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, "కాలు నొప్పి పెడితే చెప్పాల, సరేనా" అన్నాడు. అదే ఆయన ఒప్పుకోలు.

మాకిచ్చిన ఫారం ఒకే కాగితం, ఒకవైపే అచ్చు. మొదటి గడిలో కుటుంబ యజమాని పేరు రాయాలి. తర్వాత ఆయన వృత్తి, భూమి, పశువులు. ఆ తర్వాత "కుటుంబం రోజుకు ఎన్ని పూటలు భోజనం చేస్తుంది" అని ఒక ప్రశ్న. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే గంజి కేంద్రం ఉంచాలా, మూయాలా అన్నది తేలుతుందని లెక్చరరు గారు మాకు ముందే చెప్పారు.

ఎమ్మిగనూరు పోయే బస్సులో ఎక్కి సగం దారిలో దిగేవాళ్ళం. అక్కడి నుంచి యువకులిద్దరూ నడిచేవాళ్ళు. నాకు ఎద్దులబండి మాట్లాడారు. మొదటి పల్లె నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది. మట్టి మిద్దెలు, బయట ఎండిన జొన్న మొదళ్ళు తప్ప పచ్చనిదేదీ కనిపించని రేగడి చేలు, ఊరి మొగదల గంజి కేంద్రం పందిరి. యువకులు వీధి అరుగుల మీద మగవాళ్ళను పోగేసి, నిలబడే రాసేసుకుంటూ పోయారు. ఒక్కో ఇంటికి ఎంతోసేపు పట్టేది కాదు.

నేను అలా నిలబడలేను. మొదటి ఇంటి దగ్గరే కాలు లాగింది. ఆ ఇంటాయన రోడ్డు పనికి పోయే కూలి మనిషి. పార భుజాన పెట్టుకుని, బయటికి పోతూ పోతూ నా ప్రశ్నలకు జవాబులు చెప్పాడు.

"పూటకు లోటు లేదమ్మా. రెండు పూటలు తింటాండాం. రాసుకో" అన్నాడు.

నేను రాసుకున్నాను. ఆయన వెళ్ళిపోయాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. లోపలి నుంచి ఆ ఇంటి కోడలు, అంటే ఆయన భార్య, నన్ను చూసింది. నా కంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో. చంకలో పసిపిల్ల, కొంగు పట్టుకుని ఇంకో ఆడపిల్ల.

"ఆ కాలు పెట్టుకోని ఎంతసేపు నిలబడతావమ్మా? లోపలికొచ్చి కూచో" అంది.

పొయ్యి దగ్గర పీట వేసింది. పొయ్యిలో నిప్పు లేదు. ఆ మూల గోనెపట్టా మీద ఆమె అత్త కూర్చుని వక్క నములుతోంది. ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది గాని పలకరించలేదు. నేను ఫారం మోకాళ్ళ మీద పెట్టుకుని, మిగిలిన గడులు నింపుతున్నాను. కోడలు మట్టి సట్టి కడుగుతూ, తల తిప్పకుండానే అడిగింది.

"ఏమని రాసుకున్నావు?"

"రెండు పూటలు తింటామని మీ ఆయన చెప్పినాడు కదా. అదే."

"ఆయప్ప చెప్పింది అబద్ధం కాదులే. ఆయప్ప తింటాడు రెండు పూటలు. పార పట్టుకునేటోడు, తినకుంటే ఎట్ల? నన్ను మాత్రం నువ్వు అడగలేదు."

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "నువ్వు చెప్పు అక్కా. నిన్న ఏం తిన్నావు?"

ఆమె వెంటనే చెప్పలేకపోయింది. ఎవరూ అడగని ప్రశ్న కదా, వెతుక్కోవలసి వచ్చింది. "మొన్న పొద్దుగాల ఇంత అంబలి తాగినా. నిన్న గంజి తెచ్చినాడు మా ఆయన. ముందు ఆయన తాగినాడు. తర్వాత మా అత్త. తర్వాత ఈ పెద్దదానికి పోసినా. ఇంగ సట్టి కడిగినా. ఆ నీళ్ళే తాగినా. ఈ చిన్నదానికి పాలు పడాల కదా."

మూలనుంచి అత్త గొంతు వచ్చింది. "కోడలు కడాన తినేది ఈ పొద్దు పుట్టిందా ఏమి? నేనూ అట్లనే తిన్నా. దీనికంటే పెద్ద కరువు చూసినా."

"నేనేమన్నా కాదంటినా అత్తా? ఆయమ్మ అడిగింది, చెప్పినా" అంది కోడలు మెల్లగా.

ఫారంలో ఎక్కడా దీనికి చోటు లేదు. నేను కాగితం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న పేజీ మీద ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. లేస్తుంటే ఆమె నా చేయి పట్టుకుని లేపింది. ఆ చేయి ఎంత తేలికగా ఉందో నాకిప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లో అలాగే చేశాను. ముందు పేజీ మగవాళ్ళు చెప్పింది. తర్వాత, కాలు నొప్పి వంకతో లోపలికి పోయి పొయ్యి దగ్గర కూర్చోవడం. "నిన్న ఎవరు ముందు తిన్నారు, ఎవరు తర్వాత, ఏం మిగిలింది?" అని అడగడం. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు, "ఎందుకమ్మా అదంతా" అని పక్కకు తిరిగేవాళ్ళు. చాలామంది చెప్పారు. ఒకామె చెబుతూ చెబుతూ పొయ్యి బూడిదలో వేలితో గీతలు గీసింది, తిన్న పూటకు ఒక గీత. ఆ వారానికి ఎన్ని గీతలు పడ్డాయో చూసుకుని ఆమే అరచేత్తో చెరిపేసింది.

ఇంటికి వచ్చాక ఒకరోజు నాకు ఉండబట్టలేదు. మధ్యాహ్నం మా నాయన, అన్నలు తిని దుకాణానికి పోయారు. మా అమ్మ వంటింట్లో గిన్నెల మధ్య కూర్చుని ఉంది.

"అమ్మా, నువ్వు ఈ పొద్దు ఏం తిన్నావు?"

"ఏం తిన్నావేంది? మీరు తిన్నదే."

"అట్ల కాదు. కూర ఎంత మిగిలింది నీకు?"

మా అమ్మ గిన్నె వైపు చూసింది. అడుగంటిన పులుసు తప్ప ఏమీ లేదు. జొన్నల బస్తాలు అటకదాకా పేర్చి ఉన్న ఇల్లు అది. "నాకు ఊరగాయ ఉంటే చాల్లే" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇట్లాంటివి అడుగుతాండావా నువ్వు ఊర్లెంబడి?" అంది. నేను తలూపాను. మా అమ్మ ఆ పులుసు గిన్నెను దగ్గరికి లాక్కుంది. "అడుగు" అంది.

రెండు వారాల తర్వాత లెక్చరరు గారు మేం నింపిన ఫారాలన్నీ తెప్పించుకున్నారు. ఆదోనిలో ఆయన దిగిన గదికి నన్ను పిలిపించారు. యువకులిద్దరూ అక్కడే ఉన్నారు. బల్ల మీద నా ఫారాలన్నీ బోర్లా తిప్పి ఉన్నాయి.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు గాని కళ్ళజోడు గట్టిగా తుడుస్తున్నారు. "అచ్చువేసిన ప్రశ్నలు మాత్రమే అడగాలి. అందరినీ ఒకే ప్రశ్న అడిగితేనే అది పరిశోధన. ఎవరికి తోచింది వాళ్ళు అడిగితే కబుర్లవుతాయి."

యువకుల్లో ఒకతను నవ్వాడు. ఏడుపు వస్తుందేమోనని భయం వేసింది. కానీ రాలేదు.

"నేను కూడా అందరినీ ఒకే ప్రశ్న అడిగినాను సార్. ముందు పేజీ మగవాళ్ళు చెప్పింది. వెనక పేజీ ఆడవాళ్ళు చెప్పింది. రెండూ ఒకే ఇంటివి. ఏది నిజమో మీరే చూడండి" అన్నాను.

ఆయన ఫారాలు కట్ట కట్టి, నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. రెండు రోజులు ఇంట్లో కూర్చున్నాను. మూడో రోజు ఉదయం రమ్మని కబురు వస్తే పోయాను, ఆయనే బస్టాండులో నా కోసం నిలబడి ఉన్నారు.

"ఇవాళ నేనూ వస్తాను. మీరు అడగండి. నేను మాట్లాడను" అన్నారు.

అన్న మాట నిలబెట్టుకున్నారు. ఇంటి బయట, గోడ నీడలో, లోపలి వాళ్ళకు కనిపించకుండా కూర్చుని వినేవారు. మూడు నాలుగు ఇళ్ళు అయ్యాక కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తుడవలేదు.

ఆ రోజే మొదటి పల్లెలో ఊరి చివరి ఇంటికి మళ్ళీ పోయాము. అంతకు ముందు నేను పోయినప్పుడు ఆ ఇంట్లో రెండేళ్ళ పాప నా ఫారం లాక్కోబోయింది, దాని వయసు కూడా రాసుకున్నాను. ఈసారి పాప కనిపించలేదు. నేను అడగబోతుంటే తల్లి, "లేదమ్మా. కొట్టెయ్ దాని పేరు" అంది. అంతే అంది. నేను కొట్టేయలేదు. ఆ కాగితాన్ని అలాగే మడిచి పెట్టుకున్నాను. తిరుగు బస్సులో లెక్చరరు గారు నా ఫారాల కట్ట ఒళ్ళో పెట్టుకుని వెనక పేజీలే తిప్పుతూ కూర్చున్నారు. ఆదోని దగ్గరికి వచ్చాక ఆయన అన్నారు: "కరువు పనుల ఆఫీసరు గారు వచ్చే వారం క్యాంపు వేస్తున్నారు. గంజి కేంద్రం మూసెయ్యాలని ఆయన ఉద్దేశం. వెనక పేజీలు మీరే చదివి వినిపించండి."

"నేనా సార్?"

"అడిగింది మీరు కదా."

క్యాంపుకు ముందు నేను మరోసారి మొదటి ఇంటికి పోయాను. ఆ కోడలిని అడిగాను, ఏం చేస్తే బాగుంటుందని. సర్కారోళ్ళు తననెందుకు అడుగుతారని ఆమె నవ్వింది. తర్వాత ఆలోచించి చెప్పింది. "గంజి ఇంటికి తెచ్చినంక అది నాది కాదమ్మా. అందరిదీ అయితాది. ఆడనే కూచోబెట్టి నా చేతిలో పోస్తే తాగుతా. పిల్లోళ్ళూ తాగుతారు."

ఇన్ని ఫారాలు నింపిన మాలో ఎవరికీ తోచని మాట అది.

ట్రావెలర్స్ బంగళా వరండాలో ఆఫీసరు గారు, తాసీల్దారు గారు, ఇంకొందరు కుర్చీల్లో కూర్చున్నారు. నన్ను కూర్చోమన్నారు గాని, కూర్చుంటే లేవడానికి ఇబ్బందని నిలబడ్డాను. లెక్చరరు గారు ముందు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. తర్వాత నా వైపు చూశారు.

నేను చదవడం మొదలుపెట్టాను. పల్లె ఆడవాళ్ళు మాట్లాడినట్టే, వాళ్ళ మాటల్లోనే చదివాను. సట్టి కడిగిన నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి తలుపు దగ్గర నిలబడిన బంట్రోతు కొంగలా మెడ చాచి వింటున్నాడు. ఆఫీసరు గారు కాసేపు విని చేయెత్తారు.

"అంతా బాగానే ఉందమ్మా. కానీ ఇల్లు రెండు పూటలు తింటుంటే ఇంట్లోవాళ్ళు తింటున్నట్టే కదా?"

"ఇల్లు తినదు సార్" అన్నాను. "మనుషులు తింటారు. ఒకరి తర్వాత ఒకరు తింటారు. ఆఖర్న ఉండే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఏమీ ఉండదు. మేం ఇన్నాళ్ళూ ఆ మనిషిని అడగలేదు."

నాకే ఆశ్చర్యం వేసింది, ఆ మాటలు నా నోటినుంచి ఎలా వచ్చాయో. నేను మడిచిపెట్టుకున్న కాగితం తీసి, ఆ పాప పేరు, వయసు చదివాను. "ఈ పాప ఇప్పుడు లేదు. వీళ్ళ ఫారంలో కూడా రెండు పూటలనే ఉంది" అన్నాను.

ఆఫీసరు గారు కుర్చీలో ముందుకు వంగారు. చెడ్డ మనిషి కాదు. అంతవరకూ ఆయన ముందుకు ఒక్క పేజీయే వచ్చింది, అంతే. "అయితే ఏం చెయ్యమంటారు?" అన్నారు. నన్ను "మీరు" అన్నారు. అది నేను గమనించాను.

కోడలు చెప్పిన మాట చెప్పాను. కేంద్రం మూయొద్దు, గంజి ఇళ్ళకు పంపొద్దు, అక్కడే కూర్చోబెట్టి తల్లులకు, పిల్లలకు పోయాలి. ఈ ఆలోచన నాది కాదు, ఆ ఊరి ఆడమనిషిది అని కూడా చెప్పాను. తాసీల్దారు గారు, "మన పల్లెల్లో ఆడవాళ్ళు వీధిలో కూర్చుని తినరండీ" అన్నారు. ఆఫీసరు గారు మాత్రం, "ఒక్క ఊళ్ళో పెట్టి చూద్దాం. వాళ్ళు రాకపోతే మూసేద్దాం" అన్నారు.

తాసీల్దారు గారి మాట దాదాపు నిజమయ్యేది. ఆ కోడలి పల్లెలోనే పెట్టారు. మొదటి రోజు జొన్న గంజి ఉడుకుతోంది, ఆవిరి పందిరి కింద కమ్ముకుంటోంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు, చేతుల్లో సట్లు పట్టుకుని. పిల్లలు టపటపా కూర్చున్నారు. తల్లులు మాత్రం ఒక్కరూ కూర్చోరు. మగవాళ్ళు కొంచెం దూరంలో గుంపుగా నిలబడి చూస్తున్నారు.

"సట్టిలో పోయించమ్మా, ఇంటికాడ తాగుతాం" అంది ఒకామె.

"ఈడనే తాగాల. అట్లని రూలు" అన్నాను.

"మొగోళ్ళు చూస్తాండగా వాళ్ళకంటే ముందు బజార్లో కూచోని తింటే మా పరువేం గావాల? మాకు సిగ్గు లేదా?"

బంగళా వరండాలో పెద్దవాళ్ళందరి ముందు మాట్లాడినదాన్ని, ఇక్కడ ఏం చెప్పాలో తోచలేదు. మొదటి ఇంటి కోడలు పసిపిల్లను ఎత్తుకుని అందరికంటే వెనక నిలబడి ఉంది. ఆమె కూడా కదలలేదు.

అప్పుడే ఆమె అత్త వచ్చింది. కర్ర పొడుచుకుంటూ, మగవాళ్ళ గుంపును చీల్చుకుని నడిచి వచ్చింది. కోడలిని ఇంటికి లాక్కుపోవడానికి వచ్చిందని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ముసలామె పందిరి నడిమధ్యకు వచ్చి, కర్ర కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ నేల మీద కూలబడింది. కాళ్ళు బారజాపుకుంది.

"ఏమే, ఆడ నిలబడినావు? పాపను ఎత్తుకోని రా. నా పక్కన కూచో" అంది గట్టిగా.

"అత్తా..." అంది కోడలు.

"నా కాలంలో నన్నెవురూ కూచోమని చెప్పలేదు. నిన్ను నేను కూచోమంటాండా. వచ్చి కూచో. ఎవురేమంటారో నేనూ చూస్తా."

కోడలు తలవంచుకుని వచ్చి అత్త పక్కన కూర్చుంది. ముసలామె చుట్టూ చూసి నాతో, "దానికి ముందు పొయ్యమ్మా. పాలిచ్చేది" అంది.

నేనే గరిటె తీసుకుని పోశాను. కోడలు రెండు చేతులతో గిన్నె ఎత్తి తాగింది. ఆగకుండా తాగింది. రెండోసారి పోస్తుంటే వద్దనలేదు. ఆ వెనక ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. మొదట ముసలివాళ్ళు, తర్వాత వాళ్ళ కోడళ్ళు. చూస్తుండగానే పందిరి కింద వరస నిండిపోయింది.

ఆ కోడలి భర్త దూరం నుంచి అంతా చూస్తున్నాడు. కాసేపటికి గుంపులోంచి బయటికి వచ్చాడు. గొడవ చేస్తాడేమో అనుకున్నాను. ఆయన నేరుగా బావి దగ్గరికి పోయి, కడవతో నీళ్ళు తెచ్చి వరస పక్కన దించాడు. "తాగేదానికి" అని, ఎవరి మొహమూ చూడకుండా పనికి వెళ్ళిపోయాడు.

నా బతుకులో ఆ తర్వాత చాలా సభల్లో మాట్లాడాను, దండలు వేయించుకున్నాను. ఆ పందిరి కింద గరిటె పట్టుకుని నిలబడినప్పుడు కలిగిన గర్వం మళ్ళీ కలగలేదు. అది నా ఒక్కదాని గర్వం కాదు. వరసలో కూర్చున్న ప్రతి మనిషి మొహంలోనూ ఉంది. సిగ్గుపడుతూ వచ్చినవాళ్ళు లేచేటప్పుడు కొంగులు దులుపుకుని తలెత్తుకుని నడిచారు.

కేంద్రం మూయలేదు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళలో కూడా అదే పద్ధతి పెట్టారు. హొళగుంద వైపు కన్నడం మాట్లాడే ఊళ్ళకు కూడా మమ్మల్ని పంపారు. అక్కడ నా కన్నడం విని ఆడవాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు, నవ్వాక జవాబులు చెప్పేవాళ్ళు. నన్ను చూసి నవ్విన ఆ యువకుడు కూడా, గడప బయటే కూర్చుని, "లోపల ఎవరమ్మా చివర తినేది?" అని అడగడం నేర్చుకున్నాడు. ఫారం రెండోసారి అచ్చు వేయించినప్పుడు లెక్చరరు గారు ఇంట్లో ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క గడి పెట్టించారు. మొదటి కట్ట విప్పి నాకే ఇచ్చారు. ఆయనకు పొగడటం చేతకాదు.

మా ఇంట్లో మాత్రం అంత సులువుగా కాలేదు. పల్లెలో జరిగింది బజారులో ఎవరో మా నాయనకు చెప్పారు. "నీ కూతురంట కదా సావుకారీ" అన్నారట. ఆ రోజు మధ్యాహ్నం ఆయన పీట మీద కూర్చుని, మా అమ్మను కూడా కూర్చోమన్నాడు.

"వడ్డించేదెవరు?" అంది మా అమ్మ.

"గిన్నెలు నడిమిట్ల పెట్టు. అందరికీ చేతులున్నాయి కదా."

మా అమ్మ రెండు రోజులు మాతో కూర్చుని తింది. మూడో రోజు నుంచి మళ్ళీ మామూలే. "నాకు అట్ల కూచుంటే అన్నం దిగదే" అంది. నేను వాదించాను, కోప్పడ్డాను. లాభం లేకపోయింది. కానీ అప్పటినుంచి మా నాయన కూర గిన్నెలో కొంత వదిలి లేవడం అలవాటు చేసుకున్నాడు. వదిలిందా లేదా అని వంగి చూసి మరీ లేచేవాడు.

ఆ తర్వాత మా తాలూకా కర్నూలు జిల్లాలో కలిసింది. వానలు పడ్డాయి, గంజి కేంద్రాలు వాటంతట అవే అక్కర్లేకుండా పోయాయి. లెక్చరరు గారి కొత్త పని ఎమ్మిగనూరు మగ్గాల వీధుల్లో పడింది. ఈసారి నాకు బండి మాట్లాడటమే కాదు, ఇద్దరు ఆడపిల్లలను నా కింద పని నేర్చుకొమ్మని ఇచ్చారు. ఇద్దరికీ నేను మొదట చెప్పింది ఒకటే: "నిలబడి రాయొద్దండీ. లోపలికి పోయి కూర్చోండి."

మగ్గాల వీధిలో ఒక ఇంటాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తూనే జవాబులు చెప్పాడు. వృత్తి అన్న గడి దగ్గర తనకు నేత అని రాయించాడు. భార్య దగ్గరికి వచ్చేసరికి, "ఆయమ్మదేముంది, ఇంట్లో ఉంటాది. ఏం లేదని రాయండి" అన్నాడు.

ఆయన భార్య రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. చుట్టూ కండెల కుప్ప. మేం వచ్చినప్పటినుంచి ఆ చేయి ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన మాట విని ఆపింది. రాట్నం ఆగింది. కాసేపటికి ఆయన దగ్గరున్న కండె అయిపోయి మగ్గమూ ఆగింది. ఆయన తల తిప్పి చూశాడు.

"ఏమే, కండె యాడ?"

"నేనేం చేయను కదా. ఇంట్లో ఉంటా కదా" అంది ఆమె.

నా వెంట వచ్చిన అమ్మాయిలిద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన కూడా చివరికి నవ్వాడు, తల గోక్కుంటూ. "సరే తల్లీ, రాయించుకో" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "రాయమ్మా. పొద్దు పొడిచినప్పటినుంచి కండెలు చుడతా. పడుగు సరి చేస్తా. నూలుకు గంజి పెడతా. నా కూతురూ చుడతాది, దానిదీ రాయి. ఇది పనా, కాదా?"

"పనే అక్కా" అన్నాను.

ఆ ఫారంలో దానికి గడి ఉంది. పెన్సిలు పక్కన పెట్టి సిరా కలం తీశాను. ఆమె పేరు ఎదురుగా, వృత్తి దగ్గర "నేత పని" అని రాసి, చదవడం రాని ఆమెకు ఒక్కొక్క అక్షరం చూపిస్తూ చదివి వినిపించాను.